కార్డు ముందా, పెళ్లి ముందా?
ప్రవాస జీవితం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. పెళ్లయింది, లేదా కాబోతోంది, ఆయన అక్కడ, నేనిక్కడ, ఏం చేయాలి? న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర ఇలాంటి ఫైళ్లు సర్దే ఉద్యోగం నాది. లాయర్ని కాను. నా జవాబులు చదివి మీ లాయరును నాలుగు మంచి ప్రశ్నలు అడగండి, అంతేకానీ నా మాట పట్టుకుని సంతకాలు పెట్టేయకండి. ఉత్తరాల్లోంచి పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయితో నాకు నిశ్చితార్థం అయింది. అతను హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. గ్రీన్ కార్డు కోసం ఐ-485 దరఖాస్తు వేసి చాలాకాలమైందట, కార్డు ఇవాళో రేపో అంటున్నారు. కార్డు చేతికొచ్చాక పెళ్లి పెట్టుకుంటే అమ్మాయికి కూడా డైరెక్టుగా గ్రీన్ కార్డే వస్తుందని, హెచ్1బీ వాళ్ల భార్యలకిచ్చే హెచ్4 వీసా తిప్పలు ఉండవని మా నాన్న, కాబోయే మామగారు కూడబలుక్కున్నారు. మాఘమాసం ముహూర్తం వదిలేసి వచ్చే ఏడాది చూద్దామంటున్నారు. మంచిదేనా? (మిర్యాలగూడ)

జవాబు: వాయిదా వద్దని ఇంట్లో గట్టిగా చెప్పమ్మా. పెద్దవాళ్లిద్దరూ లెక్క తిరగేసి వేశారు.

ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు తెచ్చుకునేవాళ్ల విషయంలో చట్టం ఒక తేదీ చూస్తుంది. కార్డు మంజూరైన రోజుకి అతనికి పెళ్లయి ఉందా, లేదా? అయి ఉంటే భార్య కూడా అతని కేసులో భాగమే, అతని ప్రయారిటీ డేటే, అంటే క్యూలో అతని స్థానం చెప్పే తేదీయే, ఆమెకీ వర్తిస్తుంది. అప్పటికి ఆమె ఇండియాలో ఉన్నా ఫరవాలేదు. అతను ఐ-824 అనే ఫారం వేస్తే కేసు కాన్సులేట్‌కు వెళ్తుంది, ఆ తేదీ కరెంట్‌గా ఉంటే, అంటే వంతు వచ్చి ఉంటే, ఆమె ఇమ్మిగ్రెంట్ వీసా మీద వస్తుంది. మా ఆఫీసులో దీన్ని ఫాలో టు జాయిన్ అంటాం. కార్డు మంజూరైన మర్నాడు తాళి కట్టాడనుకో, ఈ దారి మూసుకుపోతుంది. కొత్తగా ఐ-130 అనే కుటుంబ పిటిషన్ వేసి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల భార్యాభర్తలు, పిల్లల కోసం ఉన్న ఎఫ్2ఏ అనే క్యూలో నిలబడాలి. ఒక్క రోజు తేడాతో ఆ క్యూలో పడ్డ జంటల ఫైళ్లు మా బీరువాలో చాలానే ఉన్నాయి.

హెచ్4 అంటే మీవాళ్లకు ఎందుకంత చిన్నచూపో తెలియదు. అతను హెచ్1బీలో ఉండగానే పెళ్లయితే నువ్వు హెచ్4 మీద వెళ్లొచ్చు, అతని తేదీ కరెంట్‌గా ఉంటే అక్కడే నీ ఐ-485 కూడా వేయొచ్చు. ఉద్యోగం చేయనివ్వరన్నది పాత మాట. భర్త ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం అతని కంపెనీ వేసిన పిటిషన్, ఆమోదమై ఉంటే హెచ్4 వాళ్లకు వర్క్ పర్మిట్ ఇవ్వడం 2015 మేలో మొదలైంది.

ఈలోగా అతని ఐ-140 అప్రూవల్ నోటీసు, ఐ-485 రసీదు ఫోటో తీసి పంపమను. రెండింటి మీదా ఐ-797 అని ఉంటుంది. పెళ్లిచూపుల్లో జీతం ఎంతని అడగడానికి మొహమాటపడని మనవాళ్లు ఈ కాగితం దగ్గరకొచ్చేసరికి ఎందుకో సిగ్గుపడిపోతారు. "ఇవాళో రేపో" అనే మాట పదేళ్లుగా వింటున్న కుటుంబాలు నాకు తెలుసు.

ముహూర్తానికి ముందే రిజిస్టర్ చేసేద్దామని ఎవరో ఒకరు అంటారు. జరిగిన పెళ్లిని రిజిస్టర్ చేయించుకోవడం వేరు, రిజిస్ట్రార్ ముందే పెళ్లి చేసుకోవడం వేరు. రెండోదానికి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద 30 రోజుల నోటీసు ఉంటుంది. అదీ పూర్తి పెళ్లే. తర్వాత మనసు మారితే విడాకులే గతి. వెనకటి తేదీ వేయించి సర్టిఫికెట్ తెచ్చిస్తామనే ఏజెంటు ఎవరైనా వస్తే గుమ్మం దాటనీయకండి. తప్పుడు కాగితం పెట్టారని తేలితే అమెరికా వీసా జీవితాంతం రాకుండా పోయే సెక్షన్లున్నాయి.

ప్రశ్న: మా పెళ్లినాటికే ఆయనకు గ్రీన్ కార్డు ఉంది. ఐ-130 వేశారు. ఏడాదిన్నర దాటింది. పెళ్లయ్యాక మేం కలిసి ఉన్నది మూడు వారాలు. టూరిస్టు వీసా మీద వెళ్లిపోయి అక్కడే మార్చుకోవచ్చు, అందరూ అలాగే చేస్తారని మా పెద్దమ్మ కొడుకు అంటున్నాడు. నిజమేనా? (విజయనగరం)

జవాబు: మీ అన్నయ్య చెప్పే "అందరూ" ఎవరో కాస్త కనుక్కోండి. టూరిస్టు వీసాకి నింపే డీఎస్-160లో ఒక ప్రశ్న ఉంటుంది. మీ పేరు మీద ఎవరైనా ఎప్పుడైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా అని. అవునని రాస్తే మీరు తిరిగొస్తారని కిటికీ అవతలివాళ్లు నమ్మడం కష్టం, 214(బి) అనే సెక్షన్ కింద తిప్పి పంపేస్తారు. లేదని రాస్తే అది అబద్ధం, రేపు మీ అసలు కేసుకే ఎసరు. పోనీ వీసా వచ్చి వెళ్లారే అనుకుందాం. ఎఫ్2ఏలో తేదీ రాకుండా అక్కడ దరఖాస్తు వేయలేరు. ఆ లోపు మీరు ఉండొచ్చన్న గడువు తీరిపోతుంది.

అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ వేస్తుంది. మీ ఐ-130 అందిన తేదీయే మీ ప్రయారిటీ డేట్. బులెటిన్‌లో ఎఫ్2ఏ ఎదురుగా ఉన్న తేదీ మీ తేదీని దాటితే మీ వంతు వచ్చినట్టు. అది ముందుకే నడవాలని లేదు, ఒక్కోసారి వెనక్కీ వెళ్తుంది. రోజూ చూసి టెన్షన్ పడకండి, నెలకోసారి చూస్తే చాలు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆయనకు గ్రీన్ కార్డు వచ్చి ఎన్నేళ్లయింది? అయిదేళ్లు నిండటానికి 90 రోజుల ముందే ఆయన సిటిజన్‌షిప్‌కి ఎన్-400 వేయొచ్చు. ఆయన సిటిజన్‌గా ప్రమాణం చేసిన రోజున మీరు క్యూలోంచి బయటపడతారు, ఎందుకంటే సిటిజన్ భార్యకు వీసాల సంఖ్య మీద పరిమితి లేదు. కాకపోతే కేసును మార్చమని ఆయనే నేచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ పంపాలి. పంపకుండా అదే మారుతుందని కూర్చున్న మొగుళ్లున్నారు. మిమ్మల్ని చూడటానికి ఆయన రావచ్చు, రావాలి కూడా. ఒక్క ట్రిప్పు ఆరు నెలలు దాటకుండా మాత్రం చూసుకోవాలి, దాటితే ఆయన సిటిజన్‌షిప్ లెక్క చెడొచ్చు.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు శేషగిరిగారు గుర్తొచ్చారు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి భార్య. ఆయన 1920ల మొదట్లో ఆవిణ్ణి ఇంటి దగ్గర వదిలి అమెరికా వచ్చారు. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో పోయేదాకా తిరిగి ఇండియా వెళ్లనేలేదు. భారతీయులు అమెరికా పౌరులు కావడానికి పనికిరారని 1923లో థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టే తేల్చింది. ఆ రాత 1946లో మారింది, అదీ ఏడాదికి వంద మంది వలసదారుల కోటాతో. సుబ్బారావుగారి మందుల గురించి అందరూ రాస్తారు, ఆవిడ గురించి రాసేవాళ్లు తక్కువ.

ప్రశ్న: నా భార్య అమెరికా సిటిజన్, షికాగోలో నర్సు. నన్ను స్పాన్సర్ చేస్తోంది. ఊళ్లో ఇల్లరికం పోతున్నాడని నవ్వుతున్నారు, అది ఎలాగో భరిస్తున్నాను. ఆమె జీతం బదులు మా నాన్న మామిడి తోట చూపించవచ్చా? (ఖమ్మం జిల్లా)

జవాబు: చూపించలేరు బాబూ. ఐ-864 అనే హామీపత్రం పిటిషన్ వేసిన మనిషే సంతకం పెట్టాలి, అంటే మీ ఆవిడే. పేదరిక గీతకు 125 శాతం ఆదాయం ఉందా అన్నది చూస్తారు. నర్సు జీతానికి అది సమస్యే కాదు. మీ పేరు మీద డబ్బో, స్థలమో ఉంటే కొన్ని లెక్కల్లో పనికొస్తుంది కానీ నాన్నగారి తోటను అక్కడ ఎవరూ చూడరు. మీరు సిటిజన్ అయ్యేదాకానో, 40 క్వార్టర్లు అంటే సుమారు పదేళ్లు పనిచేసినట్టు లెక్క తేలేదాకానో మీ పోషణకు ఆవిడ ప్రభుత్వానికి జవాబుదారీ. విడాకులిచ్చినా ఆ బాధ్యత తీరదు. అంత పూచీ పడుతున్న మనిషిని ఇచ్చిన అత్తవారింటికి ఇల్లరికం వెళ్తే తప్పేముంది?

ప్రశ్న: మావారు సిటిజన్. కేసు ఎన్‌వీసీ (నేషనల్ వీసా సెంటర్) దగ్గర ఉంది. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, ఇంటిపేరుతో కలిపి మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉంది. పుట్టిన సర్టిఫికెట్ అసలు లేదు, నేను అమ్మమ్మగారి ఊళ్లో ఇంట్లోనే పుట్టాను. ముంబై ఇంటర్వ్యూలో ఇబ్బంది అవుతుందా? (రాజమహేంద్రవరం)

జవాబు: సర్‌నేమ్ సంగతి ఇప్పుడే తేల్చుకోండి. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికావాళ్లు మీ పేరంతా తీసుకెళ్లి ఇంటిపేరులో పడేసి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. పేరు తెలియదని దానర్థం. ఆ మూడక్షరాలు వీసా మీదా, గ్రీన్ కార్డు మీదా, డ్రైవింగ్ లైసెన్సు మీదా వెంటపడతాయి. డాక్టరు దగ్గర కూర్చుంటే "ఎఫ్ను" అని పిలిచిన నర్సులున్నారు, తెలుగువాళ్లు ఠక్కున లేచి నిలబడటమూ చూశాను. పాస్‌పోర్టు రీ-ఇష్యూకి వేసి పేరు రెండుగా విడగొట్టించుకోండి. కొత్త నంబరు ఎన్‌వీసీకి చెప్పడం మరచిపోవద్దు.

పుట్టుక నమోదు కాలేదంటే పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, మీరు పుట్టినప్పుడు ఎరిగిన పెద్దవాళ్లు ఇద్దరి చేత అఫిడవిట్ రాయించండి. అమ్మ, మేనమామ అయితే మేలు. పదో తరగతి మెమో జత చేయండి. మూడింట్లోనూ తేదీ ఒకటే ఉండాలి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేసిన తరం మనది. అలాంటిదేమైనా ఉంటే దాచకండి, అఫిడవిట్లోనే రాయించండి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా వస్తుంది. మెడికల్ మాత్రం కాన్సులేట్ జాబితాలోని డాక్టర్ల దగ్గరే, మీ ఊరి డాక్టరు ఎంత గొప్పవాడైనా చెల్లదు.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద కాన్సులేట్ పెట్టుకుని ముంబై దాకా ఎందుకని చాలామంది అడుగుతారు. మనవాళ్ల ఇమ్మిగ్రెంట్ వీసా కేసులు మామూలుగా ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌కే వెళ్తాయి. నేను వెళ్లిన రోజుల్లో హైదరాబాద్‌లో కాన్సులేటే లేదు, చెన్నై జెమిని ఫ్లైఓవర్ పక్కన చీకటి ఉండగానే లైను కట్టేవాళ్లం. వెనకున్నాయన ఇడ్లీ పొట్లం విప్పితే సాంబారు నా మార్కుల మెమో మీద పడింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

ఇంటర్వ్యూలో అడిగేవి మామూలు సంగతులే. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లికి ఆయన తరఫున ఎవరెవరొచ్చారు, ఆయన ఏ కంపెనీలో ఏం చేస్తారు, రోజూ ఎన్నింటికి మాట్లాడుకుంటారు. కరిజ్మా ఆల్బమ్ మోసుకెళ్లకండి. అది ఎత్తలేక, సెక్యూరిటీ దగ్గర తిప్పలు పడ్డవాళ్లున్నారు. పైగా అందులో మీరిద్దరూ మబ్బుల్లో తేలుతుంటారు తప్ప చుట్టాలు కనిపించరు. తలంబ్రాలప్పుడు పక్కన అత్తమామలు, అప్పగింతలప్పుడు మీ అమ్మ, ఆ తర్వాత ఆయన ఇండియా వచ్చినప్పుడు ఫోన్లో తీసుకున్నవి కొన్ని, ఆ ట్రిప్పుల పాస్‌పోర్టు స్టాంపులు తీసుకెళ్లండి. చాలు.

ప్రశ్న: ఆంటీ, మా ఆయన సిటిజన్. నేను వచ్చి ఏడాది దాటింది. నా కార్డు రెండేళ్లది. ఏ గొడవ వచ్చినా "నేను సంతకం పెట్టకపోతే నీ కార్డు పోతుంది, ఫ్లైట్ ఎక్కించేస్తా" అంటాడు. ఈమధ్య చెయ్యి కూడా చేసుకుంటున్నాడు. నా పాస్‌పోర్టు, కార్డు అత్తగారి బీరువాలో ఉన్నాయి. అమ్మానాన్నలకు చెబితే కార్డు పక్కా అయ్యేదాకా సర్దుకుపో అంటున్నారు. (ఒహాయో)

జవాబు: అమ్మా, కార్డు నీకు ఇచ్చింది ప్రభుత్వం, మీ ఆయన కాదు. ఫోన్ చేసి రద్దు చేయించడం అతని తరం కాదు.

అతను చెప్పేదాంట్లో సగం నిజం ఉంది, నిన్ను పట్టి ఉంచుతున్నది ఆ సగమే. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతు కార్డు ఇస్తారు. అది తీరడానికి ముందు 90 రోజుల్లో, షరతు తీసేయమనే ఐ-751 ఫారం భార్యాభర్తలు కలిసి వేయాలి. అతను చెప్పనిది ఏమిటంటే, భర్త సంతకం లేకుండా కూడా ఐ-751 వేయొచ్చు. విడాకులు మంజూరైతే ఒక దారి. కొట్టడం, క్రూరంగా హింసించడం జరిగితే ఇంకో దారి, దానికి విడాకులు కూడా అక్కర్లేదు, ఆ 90 రోజుల దాకా ఆగనక్కర్లేదు. నువ్వు చూపించాల్సింది, ఈ పెళ్లి నిజంగా కాపురం కోసమే చేసుకున్నావని. ఏ కాగితమూ వేయకుండా గడువు దాటిపోతే మాత్రం కష్టం. అది జరగనివ్వకు.

రుజువులు అంటే పెద్దవే అనుకోకు. మా దగ్గరకొచ్చిన ఒకమ్మాయి దగ్గర జాయింట్ అకౌంటు లేదు, లీజులో పేరు లేదు, అన్నీ అతని పేరు మీదే. చివరికి పనికొచ్చింది పళ్ల డాక్టరు ఇన్సూరెన్స్ కార్డు, అందులో ఆమెను భార్యగా రాశారు. దానికి తోడు వరలక్ష్మీ వ్రతానికి పిలిచిన పక్కింటావిడ రాసిచ్చిన ఉత్తరం. టాక్స్ రిటర్న్ కాపీ, వాట్సాప్ మెసేజీలు, దెబ్బల ఫోటోలు, డాక్టరు దగ్గరకెళ్తే ఆ చీటీ, దొరికినవన్నీ నీకు మాత్రమే తెలిసిన ఈమెయిల్‌కు పంపుకో. బీరువా తెరిచి ఉన్నప్పుడు వీలైతే కార్డు రెండు వైపులా, పాస్‌పోర్టు మొదటి చివరి పేజీలు ఫోటో తీసుకో. కార్డు మీద USCIS# అని రాసి తొమ్మిది అంకెల నంబరు ఒకటి ఉంటుంది, అది రాసి పెట్టుకుంటే ఏ లాయరైనా నీ కేసు పట్టుకోగలడు. వస్తువులు తెచ్చుకోవడానికి పోలీసులను తోడు రమ్మని అడగొచ్చు.

నీ ఫోను వాళ్ల ఫ్యామిలీ ప్లాన్‌లో ఉందేమో చూసుకో. ఉంటే నువ్వు ఎవరికి చేశావో బిల్లులో తెలిసిపోతుంది. లైబ్రరీ నుంచో, తోటి ఉద్యోగి ఫోన్లోంచో 1-800-799-7233 కి చెయ్యి. గృహహింస బాధితుల జాతీయ హెల్ప్‌లైన్ అది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, దుబాసీని అడగొచ్చు. న్యూజెర్సీలో మానవి, హ్యూస్టన్‌లో దయా లాంటి మన దేశాల ఆడవాళ్ల సంస్థలున్నాయి, అక్కడివాళ్లు నీకు దగ్గర్లో ఎవరున్నారో చెబుతారు. చెయ్యి ఎత్తిన క్షణంలో అయితే 911. హింస కారణంగా నువ్వు వేసే దరఖాస్తు సంగతి ఇమ్మిగ్రేషన్ వాళ్లు మీ ఆయనకు చెప్పకూడదు, అలా చట్టమే ఉంది. ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త అడ్రసు వాళ్లకు తెలపాలి, లేకపోతే నోటీసులు ఆ ఇంటికే పోతాయి.

హెచ్4 మీద ఉండి ఇలాంటి ఉత్తరమే రాసిన ఇంకో చెల్లికి: ఈ దారులు నీకు వర్తించవు, నీకు నేరాల బాధితులకిచ్చే యు వీసా లాంటి వేరే దారులున్నాయి. అవే హెల్ప్‌లైన్లు, అదే 911. విడిగా రాస్తాను.

మీ అమ్మానాన్నలకు ఈ పేజీ చూపించు. కార్డు కోసం దెబ్బలు తినాల్సిన అవసరం చట్టమే పెట్టలేదని తెలిస్తే సర్దుకుపొమ్మనరేమో. అన్నా సరే, నువ్వు ఆగకు.

ప్రశ్న: సిటిజన్ అయిన మావారి ద్వారా గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లు కావస్తోంది. మధ్యలో అమ్మకు బాగాలేక గుంటూరులో ఎనిమిది నెలలు ఉండిపోయాను. ఇప్పుడు ఎన్-400 వేయొచ్చా? సిటిజన్‌షిప్ తీసుకుంటే నాన్న నాకిస్తానన్న రెండెకరాలు పోతాయా? పాస్‌పోర్టు వదులుకోవాలంటే మనసొప్పడం లేదు. (న్యూజెర్సీ)

జవాబు: చివరిదాంతో మొదలుపెడతాను. నాకూ ఒప్పలేదు. నెవార్క్‌లో ప్రమాణానికి వెళ్లిన రోజు గ్రీన్ కార్డు లోపల బల్ల మీద పెట్టేయమన్నారు, వెనక్కి ఇవ్వరు. చేతిలో జెండా, సర్టిఫికెట్ పెట్టారు. తర్వాత ఇండియా పాస్‌పోర్టు రద్దు చేసి పంపితే విప్పి చూడటానికే నాకు చాలా రోజులు పట్టింది. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇష్టపూర్వకంగా ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజునే మనది పోతుంది. రెండూ ఉంచుకునే వీలు లేదు. అక్కడ ఓటు ఇక్కడ ఓటు రెండూ కావాలంటే కుదరదు. నేను ఇక్కడి ఓటు ఎంచుకున్నాను, ఎందుకంటే మా పిల్లల స్కూలు బోర్డు ఎన్నికలు ఇక్కడ జరుగుతాయి. మీకు వేరే లెక్క ఉండొచ్చు. గ్రీన్ కార్డుతోనే ఉండిపోతానంటే ఎవరూ గెంటేయరు.

భూమి సంగతి. ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చేది) ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. నాన్నగారు ఎలా ఇస్తున్నారన్నది ముఖ్యం. వీలునామాగా అయితే ఒకటి, బతికుండగా గిఫ్ట్ డీడ్ అయితే ఇంకోటి. మీరింకా భారత పౌరురాలిగా ఉండగానే గుంటూరులో ఒక మంచి లాయరుతో కూర్చుని తేల్చుకోండి. ఇలాంటివి ప్రమాణం తర్వాత అడుగుతూ వచ్చేవాళ్లే ఎక్కువ.

ఎనిమిది నెలల సంగతి. సిటిజన్‌ను పెళ్లాడినవాళ్లకు అయిదేళ్లకు బదులుండే మూడేళ్ల రూలుకి మూడు షరతులు. సిటిజన్ భర్తతోనే మూడేళ్లు కలిసి కాపురం ఉండాలి, ఆయన ఆ మూడేళ్లూ సిటిజన్ అయి ఉండాలి, మీరు అందులో కనీసం 18 నెలలు అమెరికాలో ఉండాలి. ఒకే ట్రిప్పు ఆరు నెలలు దాటితే నివాసం తెగిందని అనుకుంటారు, కాదని మీరు నిరూపించాలి. ఇల్లు, భర్త ఇక్కడే ఉన్నారని, టాక్స్ ఇక్కడే కట్టారని, అక్కడ ఉద్యోగం చేయలేదని, అమ్మగారి ఆసుపత్రి కాగితాలు, ఇవన్నీ పెడితే నిలబడే కేసులున్నాయి. ఒకసారి లాయరుకు చూపించకుండా ఫారం నొక్కేయకండి. ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, తిరస్కరిస్తే తిరిగి రాదు.

పరీక్ష పెరిగింది. 2025 అక్టోబర్ 20 నుంచి వేసినవాళ్లకు 128 ప్రశ్నల జాబితా, అందులో 20 అడుగుతారు, 12 చెప్పాలి. వెనక 100లో 10 అడిగి 6 చెబితే సరిపోయేది. మీవారిని కూడా కూర్చోబెట్టి అడగండి. ఆయనకు ఎన్ని వస్తాయో చూస్తే మీకు ధైర్యం వస్తుంది.

ప్రమాణం అయ్యాక వరస ఇది. ముందు అమెరికా పాస్‌పోర్టు, తర్వాత ఇండియా పాస్‌పోర్టు సరెండర్, ఆ సర్టిఫికెట్ పెట్టి ఓసీఐ. పాత పాస్‌పోర్టులో ఇంకా గడువుందని దాని మీద ప్రయాణం చేయకండి, జరిమానా పడుతుంది. ఓసీఐ ఎప్పుడొస్తుందో చేతిలో ఉండదు. సంక్రాంతికి అమ్మ దగ్గర ఉండాలనుకుంటే సరెండర్ ముగించుకుని ఈ-వీసా మీద వెళ్లి రండి, ఓసీఐ కోసం టికెట్ ఆపుకోకండి.